సాక్సఫోన్ ఆకు కోసం జడ్చర్ల దాకా

బుధవారం ఉదయం ఆరున్నరకు గౌలిగూడ బస్టాండులో నార్కట్‌పల్లి మీదుగా పోయే బస్సు ఎక్కాను. చైనాతో యుద్ధం అయిన మరుసటి ఎండాకాలం. ఒక చేతిలో బట్టల సంచి, రెండో చేతిలో సాక్సఫోన్ పెట్టె. పెట్టెను బస్సు పైకి ఎక్కించమన్నారు, నేను ఎక్కించనన్నాను. ఒడిలో పెట్టుకుని కూర్చుంటే దాని మూల పక్కాయన డొక్కలో గుచ్చుకుంటోంది. ఆయన మర్యాదస్తుడు కాబట్టి హయత్‌నగర్ దాకా ఏమీ అనలేదు.

కండక్టరు మాత్రం ఊరుకోలేదు.

"గా డబ్బల ఏమున్నది?"

"బాజా."

"పెండ్లి ఏ ఊర్లె?"

"పెండ్లి లేదు."

"పెండ్లి లేకుంట బాజా పట్టుకొని ఎవలన్న తిరుగుతరా?" అని నవ్వి, సామానుకు కూడా టికెట్టు చింపి చేతిలో పెట్టాడు.

అడగవలసిన ప్రశ్నే. జవాబు కొంచెం పొడుగు గనక అతనికి చెప్పలేదు, మీకు చెబుతాను.

సాక్సఫోన్ ఒళ్ళంతా ఇత్తడే కానీ అది పలికేది ఇత్తడి వల్ల కాదు. నోట్లో పెట్టుకునే చోట ఏటి ఒడ్డున పెరిగే కిక్కస గడ్డి గొట్టాన్ని చీల్చి చెక్కిన వేలెడు పొడుగు రేకు ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని రీడ్ అంటారు. ఊపిరికి ఆ రేకు అదిరితేనే శబ్దం. అది లేకపోతే సాక్సఫోను, ఇత్తడి బిందె ఒకటే. నోటి తడికి నాని రెండు మూడు వారాల్లో మెత్తబడిపోతుంది, కొత్తది పెట్టుకోవాలి. అవి ఫ్రాన్సు నుంచి వచ్చేవి. విదేశీ సరుకుకు పర్మిట్లు పెట్టిన తర్వాత రావడం మానేశాయి. ఆబిడ్స్‌లో వాద్యాల దుకాణం ఆయన ఖాళీ అట్టపెట్టె తెరిచి చూపించి, "కావాలంటే వాసన చూసుకోండి" అన్నాడు.

మా నాయిన సన్నాయి వాయించేవాడు. మోత్కూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవరింట పెండ్లయినా ఆయనే. నాకూ నేర్పడం మొదలుపెట్టాడు. పదహారో ఏట నేను సికింద్రాబాదు పారిపోయి నిజాం సైన్యం బ్యాండులో చేరాను. సంగీతం మీద ప్రేమతో కాదు, అక్కడ బూట్లు ఇచ్చేవారు. క్లారినెట్ నేర్చుకున్నాను, తర్వాత సాక్సఫోన్. ఆ సైన్యం రద్దయ్యాక ఒక గోవా బ్యాండు మాస్టరు నన్ను తన డ్యాన్సు బ్యాండులోకి తీసుకున్నాడు. శనివారం శనివారం క్లబ్బుల్లో జాజ్, జనం పలచబడ్డాక మాస్టరుకు ఇష్టమైన బ్లూస్. యాదగిరి అనే పేరు నోరు తిరగక అక్కడి వాళ్ళు నన్ను గ్యారీ అనేవారు. పన్నెండేళ్ళు గ్యారీగా బతికాను. ఈలోగా దొరలు వెళ్ళిపోయారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటీ ఆస్ట్రేలియా ఓడ ఎక్కాయి. కిందటేడు మాస్టరు కూడా ఎక్కాడు. పోతూ పోతూ ఆరు రీడ్లు నా చేతిలో పెట్టి "పొదుపుగా ఊదు" అన్నాడు. ఊపిరి పొదుపు చేసి జాజ్ ఊదడం ఎవరివల్ల అవుతుంది? ఐదు చచ్చాయి. ఆరోది అంచు చీలింది.

ఇంతలో కలకత్తా నుంచి ఉత్తరం. అక్కడ ఒక పెద్ద హోటల్లో బ్యాండు నడిపే ఆయన శనివారం పదకొండు గంటలకు సికింద్రాబాదులో ఆగి నన్ను వింటాడట. నచ్చితే మూడేళ్ళ ఒప్పందం, రోజూ వాయించడమే పని. నాకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఊదడం తప్ప వేరే విద్య రాదు. సికింద్రాబాదులో నన్ను పిలిచే క్లబ్బు ఇక ఒక్కటీ మిగల్లేదు. ఈ ఉద్యోగం రాకపోతే సాక్సఫోన్‌తో నా బతుకు అయిపోయినట్టే. చేతిలో మూడు రోజులున్నాయి, రీడ్ లేదు.

అప్పుడు నర్సయ్య కాక గుర్తుకొచ్చాడు. నాయిన పక్కన ముప్పై ఏళ్ళు కూర్చుని శృతి సన్నాయి పట్టినవాడు, అంటే కింద ఒకే స్వరాన్ని తెంపు లేకుండా ఊదేవాడు. నాయినకు రీడ్లు ఆయనే కోసి ఇచ్చేవాడు. మా ఇళ్ళల్లో దాన్ని ఆకు అంటారు. కిక్కసను చెక్కి పలికించగల మనిషి నాకు తెలిసి ఆయన ఒక్కడే. ఆయనను చూసి పన్నెండేళ్ళు దాటింది. అవసరం పడితే గానీ గుర్తుకు రాని మనుషుల దగ్గరికి పోయేటప్పుడు బస్సు ఎంత నెమ్మదిగా నడిచినా బాగానే ఉంటుంది.

నార్కట్‌పల్లిలో తొమ్మిదింబావుకు దిగాను. విజయవాడ రోడ్డు, నల్గొండ రోడ్డు కలిసే చోటు కాబట్టి లారీలు, టీ బండ్లు, సోడా బండ్లు. ఇక్కడ దిగేవాళ్ళకు ఒక సలహా: మోత్కూరు బస్సు పదిన్నరకు అని ముగ్గురు చెబితే ముగ్గురినీ నమ్మకండి. అది పన్నెండుకు వచ్చింది. అప్పటికి నేను నాలుగు టీలు తాగి, రెండు మిరపకాయ బజ్జీలు తిని, కడుపు పట్టుకుని కూర్చున్నాను.

మూసీ దగ్గర అందరినీ దింపేశారు. ఖాళీ బస్సు ఇసుకలో మూలుగుతూ దాటుతుంటే మేం వెనక నడిచాం. నీళ్ళు పాదం మునిగేంత. ఒడ్డు పొడుగునా కిక్కస ఆకుపచ్చగా నిలబడి ఉంది. కోసుకుపోదామా అనిపించింది కానీ పచ్చిది పనికిరాదని నాకూ తెలుసు, ఏళ్ళ తరబడి ఎండాలి. నాయిన దగ్గర నేర్చుకున్న వాటిలో గుర్తున్నది అదొక్కటే.

మోత్కూరుకు రెండు మైళ్ళ ఇవతల దిగి మా ఊళ్ళోకి నడిచాను. రెండు గంటల ఎండ. నర్సయ్య కాక ఇంటి ముందు ఆయన అక్క ఎల్లవ్వ మేకలకు తుమ్మ కొమ్మలు వేస్తోంది. నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"ఎవలయ్య నువ్వు?"

"యాదగిరిని, అత్తా. సన్నాయి మల్లయ్య కొడుకును."

"బూట్లు తొడిగినవ్, ఎట్ల గుర్తువడతవ్?" అని కొమ్మ కింద పారేసింది. "మీ నాయిన సచ్చినప్పుడు రాలె. గిప్పుడెందుకొచ్చినవ్?"

నిజం చెప్పాను. నాయిన పోయిన కార్డు తొమ్మిదో రోజున అందింది. ఆ వారం క్లబ్బులో పెద్ద డ్యాన్సు. ఎలాగూ ఆలస్యమైంది కదా అని నాకు నేనే నచ్చచెప్పుకుని ఆగిపోయాను. ఆరేళ్ళయింది. ఇప్పుడు ఒక రేకు కోసం వచ్చాను. ఎల్లవ్వత్త అంతా విని, "తిన్నవా?" అంది. తినలేదన్నాను. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పెట్టి, చెంబుతో సల్ల పోసింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"తమ్ముడు ఈడ లేడు. జడ్చర్లల బిడ్డ కాడ ఉంటుండు. పల్లికాయ మిల్లుల కావలి. మీ నాయిన పోయినంక సన్నాయి నోట్ల పెట్టలె ఆడు" అంది. తర్వాత లోపలికి పోయి, పొయ్యి పైన దూలానికి వేలాడుతున్న కట్ట ఒకటి దించి తెచ్చింది. పొగకు నల్లబడ్డ కిక్కస గొట్టాలు, పదో పన్నెండో. "మీ నాయిన, తమ్ముడు కలిసి మూసీల కోసుకొచ్చినయి. పొయ్యిల పెట్టబుద్ధి కాలె. తీస్కపో."

అన్నీ పెన్సిలు లావువే, సన్నాయికి సరిపోయేవి. ఒక్క గొట్టం మాత్రం బొటనవేలి కంటే లావుంది. నా సాక్సఫోన్‌కు అంత వెడల్పు కావాలి. ఆ ఒక్కదాన్ని చొక్కా మధ్యలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం బస్సుకు నార్కట్‌పల్లి తిరిగి వచ్చి, ఒక భోజన హోటలు వెనక మంచం కిరాయికి తీసుకుని పడుకున్నాను. మంచానికి మూడు కాళ్ళే సరిగా ఉన్నాయి.

గురువారం నేను చేసిన తెలివితక్కువ పని మీరు చేయకండి. జడ్చర్లకు పోవాలంటే హైదరాబాదు తిరిగి వెళ్ళి కాచిగూడలో రైలెక్కాలి. అందరూ అదే చెప్పారు. నేను మాత్రం హోటలు గోడ మీది పటంలో నల్గొండ, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల గీత గీసినట్టు వరసగా కనబడేసరికి అటే బయలుదేరాను. నాలుగు బస్సులు మారాను, పదమూడున్నర గంటలు పట్టింది.

నల్గొండ దాటాక చెట్లు పలచబడ్డాయి. బండలు, తాటిచెట్లు, బీడు, మళ్ళీ బండలు. కిటికీ లోంచి వేడిగాలి. గొర్రెల మంద రోడ్డు దాటే దాకా డ్రైవరు ఇంజను ఆపి చుట్ట వెలిగించుకునేవాడు. క్లబ్బుల్లో ఉన్నన్నాళ్ళూ నన్నెవరైనా మీదే ఊరు అని అడిగితే సికింద్రాబాదు అనేవాణ్ణి. ఆ రోజు ఎవరైనా అడిగితే బాగుండునని మనసులో ఉంది, ఎవరూ అడగలేదు.

దేవరకొండలో ఒంటిగంటకు కల్వకుర్తి బస్సు. సాగర్ డ్యాం పని నుంచి ఇళ్ళకు తిరిగి పోతున్న పాలమూరు కూలీలతో కిక్కిరిసి ఉంది. తట్టలు, చింకి బొంతలు, పసిపిల్లలు. నా పక్కన ఒక నడివయసు ఆమె, ఆమె వెనక నిద్రపోతున్న భర్త. డిండి దగ్గర బస్సు ఆగితే అందరం దిగి నీళ్ళు తాగి ఎక్కాక ఆమె నా పెట్టె మీద వేలితో కొట్టింది.

"ఏందయ్య గిది?"

"బాజా అమ్మా. ఊదేది."

"ఊదు జర. పిల్లగాడు ఏడుస్తుండు."

"ఆకు లేదు. ఆకు లేకపోతే పలకదు."

ఆమె నా వంక జాలిగా చూసింది. "మేం రాళ్ళు మోస్తిమి, కూలి వచ్చె. పలకని బాజ గంత బరువు నువ్వెందుకు మోస్తున్నవ్?"

ఇన్నాళ్ళు విన్న మాటల్లో నన్ను అంత సూటిగా తాకింది మరొకటి లేదు. పెట్టెను ఒడిలోకి ఇంకొంచెం లాక్కున్నాను. ఆమె సీతాఫలం చెట్ల మధ్య ఒక మలుపులో మొగుణ్ణి లేపుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని దిగిపోయింది.

జడ్చర్ల చేరేసరికి ఏడున్నర. స్టేషను పక్క ముసాఫిర్‌ఖానాలో సంచి తల కింద, పెట్టె కడుపు దగ్గర పెట్టుకుని నిద్రపోయాను. శుభ్రంగా ఉంది, చాప వాళ్ళే ఇస్తారు.

శుక్రవారం ఏడు గంటలకు మిల్లు వెతుక్కుంటూ పోయాను. ఆవరణ నిండా పల్లికాయ కుప్పలు. రేకుల షెడ్డు కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెరుగుతున్నారు. గేటు దగ్గర రాతి అరుగు మీద, చేతిలో కర్రతో, తల ముగ్గుబుట్టలా నెరిసిన మనిషి. కళ్ళల్లో పొర కమ్మి ఉంది. మేకలు వస్తే చప్పుడును బట్టి కర్ర విసురుతున్నాడు.

"నర్సయ్య కాకా" అన్నాను.

ఆయన కర్ర కింద పెట్టాడు. "యాదగిరివా? అచ్చం మీ నాయిన గొంతే. కూసో బిడ్డా."

ఎందుకు రాలేదు, ఎప్పుడొచ్చావు అనే ప్రశ్నలేమీ లేవు. నేను వచ్చిన పని చెప్పాను. శనివారం, కలకత్తా, చీలిన రీడ్, అన్నీ. ఎల్లవ్వత్త ఇచ్చిన గొట్టం చేతిలో పెట్టాను. ఆయన దాన్ని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా పాత రీడ్‌ను బొటనవేలితో అటూ ఇటూ తడిమి, మందం చూసి, "ఐతది. కత్తి ఉన్నది, గాజుపెంకు ఉన్నది. నువ్వు పొయ్యి కడుపుల ఏమన్న ఏస్కోని రా" అన్నాడు.

నేను బజారులో ఉప్మా తిని, టీ తాగి, గడ్డం గీయించుకుని తొమ్మిదిన్నరకు తిరిగి వచ్చాను. నా ప్రాణాన్ని అంత నిశ్చింతగా ఒకరి చేతిలో పెట్టి గడ్డం గీయించుకున్న మూర్ఖుణ్ణి నేనే. ఆయన పక్కన కూర్చుని చూసి ఉండవలసింది.

కాక నవ్వుతూ చెయ్యి చాపాడు. అరచేతిలో రెండు రేకులు, ఒకదాని ముఖం ఒకదానికి ఆనించి, మొదలు దగ్గర ఎర్ర దారంతో చుట్టు మీద చుట్టు బిగించి కట్టినవి. అంత అందంగా కట్టిన ఆకును నేను నాయిన దగ్గర కూడా చూడలేదు.

"సగమే తెచ్చినవ్ గద బిడ్డా. రెండోది ఏడనో పడగొట్టుకున్నవ్. రెండూ చేసి కట్టిన" అన్నాడు.

సన్నాయికి రెండు రేకులు. ఒకదానికొకటి తాకి పలుకుతాయి. సాక్సఫోన్‌కు ఒకటే. ఆ సంగతి చెప్పాలని నాకు తట్టలేదు, ఇంకోలా ఉంటుందని ఆయనకు తట్టలేదు. ఆ లావుపాటి గొట్టం ఒక్కటే. దాన్ని నిలువునా చీల్చి రెండు సగాలూ వాడేశాడు.

"కాకా, దీనికి ఒక్కటే ఆకు."

"ఒక్కటేనా? మరి దేనికి తాకుతది?"

"వెనక నల్ల ముక్క ఒకటి ఉంటుంది. దానికి."

ఆయన ఎర్ర దారం కట్టును వేలితో తడిమాడు. "రెండుంటె ఒకదానితోని ఒకటి మాట్లాడుకుంటయి. ఒక్కటే ఉంటె ఏం మాట్లాడుతది?" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

దారం విప్పితే ఒక రేకు కట్టు దగ్గర మొదలంటా చీలి ఉంది. రెండోది బాగుంది, కానీ సన్నాయికి తగ్గట్టు పలచగా గీశాడు. దాన్నే గాజుపెంకుతో మళ్ళీ సరిచేశాం. నేను వెలుతురుకు పెట్టి ఎక్కడ మందముందో చెబుతుంటే ఆయన వేళ్ళతో గీస్తూ వచ్చాడు. పదకొండయింది. బిగించి రెండు స్వరాలు ఊదాను.

ఏం చెప్పను. ఫ్రాన్సు రీడ్లు ఇన్నేళ్ళలో ఒక్కటీ అలా పలకలేదు. కొంచెం బొంగురు, కొంచెం ముక్కుతో మాట్లాడినట్టు, లోపల ఎక్కడో నాయిన సన్నాయి జీర. కలకత్తా ఆయన ఇది వింటే చాలు, రెండో పాట అడగడు. కానీ అంత పలచటి రేకు ఎక్కువసేపు ఉండదు. మహా అయితే గంట, గంటన్నర. రేపటి పనికి అది చాలు. తుడిచి పెట్టెలో పెట్టబోయాను.

కాక అప్పటికే అరుగు వెనక గూట్లోంచి పాత పంచెలో చుట్టిన శృతి సన్నాయి తీశాడు.

"ఒక్క పాట ఊదు యాదగిరీ. నేను శృతి పడత."

అబద్ధమాడాను. "ఆకు ఆరాలి కాకా. తడిది ఊదితే పాడైతది" అన్నాను. ఆయన తల ఊపాడు. "ఆరనీ. నేనేడికి పోత?" అని సన్నాయిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బండి నాలుగు దాటాక గానీ లేదు. తప్పించుకోవడానికి నాకు చోటు లేదు.

ఆయన ఏదో బతిమాలడానికి కాదు, ఊరికే, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

"శృతి పట్టెటోడు తనంతల తాను ఆపొద్దు, ఎరుకేనా? సన్నాయి అయిపొయ్యిందని వాయించెటోడే మోకాలు మీద చెయ్యి ఏస్తడు. అప్పుడు ఆపాలె. ముప్పై ఏండ్లు మీ నాయిన చెయ్యి ఏస్తనే ఆపిన. గా నల్గొండ పెండ్లిల, పందిట్ల కూసున్నం. నాకు కండ్లు మూసుకునే అలవాటు. సన్నాయి ఆగింది. ఊపిరి తీసుకుంటుండు అనుకున్న. పట్టుకోని ఉన్న, పట్టుకోని ఉన్న. చెయ్యి రాదు. ఎవలో మొత్తుకున్నరు. కండ్లు తెరిస్తె మీ నాయిన నా భుజానికి ఒరిగి ఉన్నడు, పానం లేదు. నన్ను ఆపకనే పొయ్యిండు. నాయంతల నేనే ఆపిన, గదొక్కపాలి. గప్పటిసంది పట్టలె. గా శృతి ఇంక నడుస్తనే ఉన్నట్టు ఉంటది బిడ్డా, పండుకున్నా లేచినా."

ఈ ఆనవాయితీ నాకు చిన్నప్పుడు తెలుసు. నాయిన చెయ్యి ఆయన మోకాలి మీద పడటం వందసార్లు చూశాను, పూర్తిగా మరిచిపోయాను. నాయిన ఎలా పోయాడో మాత్రం నాకు అప్పటిదాకా తెలియదు. కార్డులో రాయలేదు, నేను అడగలేదు.

నేను గొప్పవాణ్ణని చెప్పడానికి ఇది రాయడం లేదు. అరగంట సేపు పెట్టె మీద చెయ్యి పెట్టుకుని లెక్కలు వేశాను. రెండు నిమిషాలు ఊదితే ఏం పోతుంది? రెండు నిమిషాల్లో చెయ్యి వేస్తే ఆయనకు సరిపోతుందా? ఆరేళ్ళుగా నడుస్తున్న శృతిని రెండు నిమిషాల్లో ఆపడం ఏం మర్యాద? చివరికి సాక్సఫోన్ మెడలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. ఆయన మొహం అప్పటికే సంతోషంగా ఉంది, దాన్ని తీసేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

కాక బుగ్గలు పూరించి శృతి పట్టాడు. మొదట వణికింది, తర్వాత నిలబడింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ముక్కుతో పీలుస్తూ, నోటితో వదులుతూ, ఎక్కడా తెంపు లేదు. నేను సాక్సఫోన్ మూతి జరిపి ఆయన స్వరానికి కలుపుకుని, బ్లూస్ ఎత్తుకున్నాను. తెలియని వాళ్ళకు చెప్పాలంటే, అందులో బాధను ఒక మాటగా అంటారు, మళ్ళీ అదే మాట అంటారు, మూడోసారి దానికేదో సమాధానం చెబుతారు. మళ్ళీ మొదటికి వస్తారు. నేను పన్నెండేళ్ళుగా అది ఊదుతున్నాను. మూడో మాట దగ్గర మాస్టరు నేర్పిన గమకాలే వేసేవాణ్ణి, నాదంటూ ఏమీ ఉండేది కాదు. ఆ రోజు కింద శృతి కదలకుండా ఉంటే, నేను ఎటు పోయినా వచ్చి నిలబడటానికి చోటు ఉన్నట్టయింది. నాయిన వాయించేవి వచ్చాయి. అవి నాకు వచ్చని నాకే తెలియదు.

షెడ్డులో చేటల చప్పుడు ఆగిపోయింది. ఒక ఆమె పక్కామెను అడగడం వినబడింది: "ఎవలన్న సచ్చిన్రా?" పక్కామె, "ఊకో, విననీ" అంది.

గంట కాబోతుండగా రేకు మెత్తబడటం పెదవికి తెలిసింది. పై స్వరాలు ముందు పోయాయి. కిందికి దిగాను. అక్కడా గాలి కలిసింది. అప్పటికైనా ఆపి ఉంటే, ఆరబెట్టి గీకి, శనివారానికి ఏదో ఒకటి మిగిలేది. ఆపలేదు. ఇంకో మాట, ఇంకో మాట అనుకుంటూ పోయాను, చివరికి అంచు సన్నగా చిట్లింది, ఇత్తడిలోంచి ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు. కాక కళ్ళు మూసుకుని శృతి పట్టుకునే ఉన్నాడు.

ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను.

ఆపాడు. రొప్పుతూ సన్నాయి దించాడు. నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టి, "అయ్యిందా?" అన్నాడు.

"అయింది కాకా."

"మంచిది" అని మూతి తుడుచుకున్నాడు. అంతలో మేకలు కుప్ప మీదికి ఎక్కాయి. ఆయన కర్ర పట్టుకుని లేచి వాటిని తిట్టుకుంటూ పోయాడు.

శనివారం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దాచిపెట్టి మిమ్మల్ని ఊరించడం నాకు ఇష్టం లేదు. పదకొండు గంటలకు వెళ్ళాను. వాద్యం పలకదని చెప్పాను. ఆయన మర్యాదగా టీ ఇప్పించి, గడియారం చూసుకుని లేచాడు. కలకత్తా నేను ఇప్పటికీ చూడలేదు. ఆ తర్వాత ఒక బడిలో పిల్లలకు బ్యాండు నేర్పే పని దొరికింది, అక్కడ ఎక్కువగా డ్రమ్ములే. రీడ్లు మళ్ళీ మార్కెట్లోకి వచ్చేసరికి నా పెదవికి ఆ బిగువు పోయింది. అప్పుడప్పుడు ఆ శుక్రవారం మీద పిచ్చికోపం వస్తుంది. కోపం వచ్చినా, మళ్ళీ ఆ అరుగు మీద కూర్చుంటే నేను చేసేది అదే.

ఆ శుక్రవారం నాలుగు గంటలకు కాక తన మనవరాలి భుజం పట్టుకుని స్టేషనుకు వచ్చాడు. వద్దన్నా వినలేదు. కాచిగూడ పోయే ప్యాసింజరు అప్పటికే వచ్చి ఉంది. కిటికీ పక్కన సీటు దొరికింది. కాక కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. వేయించిన పల్లికాయ పొట్లం అందించాడు. ఆకు చిట్లిందని ఆయనకు నేను చెప్పలేదు. కళ్ళు కనబడవు, పెట్టెలో భద్రంగా ఉందనుకుంటున్నాడు.

"రేపు మంచిగ ఊదు. గా ఆకు నిన్ను నిలబెడతది."

"ఊదుత కాకా."

"కలకత్తల నీకు శృతి ఎవలు పడతరు?"

"అక్కడ శృతి పట్టేవాళ్ళు ఉండరు. ఎవరి ఊపిరి వాళ్ళదే."

ఆయన కిటికీకి ఇంకొంచెం దగ్గరగా జరిగాడు. కనబడని కళ్ళు నా మొహం వైపే ఉన్నాయి.

"మరి నీ చెయ్యి ఎవలి మీద ఏస్తవ్ బిడ్డా?"

ఇక్కడ బండి కూత వేసి కదిలిందని రాస్తే బాగుంటుంది. కదలలేదు. అటు నుంచి రావలసిన బండి కోసం ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడింది. ఆయన ఊచ వదలకుండా జవాబు కోసం ఎదురు చూశాడు, నేను పల్లికాయలు ఒలుస్తూ కూర్చున్నాను.